రాత్రి హాజరు తీసుకోని బడి: హ్యారీ పాటర్ మళ్ళీ చదివాక

హ్యారీ పాటర్ చదివే మంత్రాల బడి హాగ్వార్ట్స్‌లో పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులకు ముందుగా ఒక మాట. ఆ బడిలో రాత్రి హాజరు తీసుకోరు.

ఊరికే అనడం లేదు. నేను ఒక ఆడపిల్లల గురుకుల పాఠశాలలో లెక్కల టీచరుగా, హౌస్ టీచరుగా, చివరి కొన్నేళ్ళు డిప్యూటీ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. 1997లో అచ్చయిన జె.కె. రౌలింగ్ పుస్తకం ‘హ్యారీ పాటర్ అండ్ ది ఫిలాసఫర్స్ స్టోన్’ని మా అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో తెచ్చుకుంటే, దాని తర్వాత నేనూ చదివాను. హాయిగా ఉండింది. అప్పటికి నేను వార్డెన్‌ని కాను మరి. ఈ వేసవిలో మనవరాలికి చదివి వినిపిద్దామని మళ్ళీ తీశాను. చదువుతున్నంత సేపూ నా చెయ్యి ఎర్రపెన్ను కోసం వెతుక్కుంటూనే ఉంది. ఈ కథలో విలన్ వోల్డెమార్ట్ అని అందరూ అంటారు. పాపం, వాడికి అప్పటికి ఒళ్ళే లేదు. అసలు దోషి ఆ బడి యాజమాన్యం.

చేర్చుకునే ఉత్తరం దగ్గరే మొదలెడదాం. కవరు మీద అడ్రసు చూడండి: మిస్టర్ హెచ్. పాటర్, మెట్ల కింది అర, 4 ప్రివెట్ డ్రైవ్. అంటే తల్లీతండ్రీ లేని ఈ పిల్లాడు పెద్దమ్మ ఇంట్లో పదేళ్ళుగా మెట్ల కింద సాలెపురుగుల మధ్య పడుకుంటున్నాడని బడికి తెలుసు. తెలిసీ పచ్చసిరాతో కవరు మీద రాసి పంపారు! అసలు ఆ ఇంటి గడప మీద ఏడాది పిల్లాణ్ణి నవంబరు చలి రాత్రి దుప్పట్లో చుట్టి వదిలేసింది కూడా ఈ హెడ్మాస్టరుగారే. బెల్లు కొట్టలేదు, ఎవరినీ లేపలేదు, చేతిలో ఒక ఉత్తరం పెట్టి వెళ్ళిపోయాడు. పొద్దున్నే పాలసీసాలు బయట పెట్టడానికి వచ్చిన పెద్దమ్మ కెవ్వుమని అరిచిందంటే నేనైతే ఆవిణ్ణి తప్పు పట్టను. తర్వాత చేసినవాటికి పడతాను.

సరే, చేరాడు. మొదటి రోజు విందులో పదకొండేళ్ళ పిల్లల ముందు హెడ్మాస్టరు డంబుల్‌డోర్ లేచి, మూడో అంతస్తులో కుడివైపు వరండాలోకి వెళ్ళినవాళ్ళు ఘోరంగా చస్తారని చెప్పి కూర్చుంటాడు. ఎందుకో చెప్పడు. పిల్లలతో ఒక్క పూట గడిపిన వాళ్ళెవరైనా చెప్పగలరు, అలా చెబితే ఏమవుతుందో. ఆ తలుపుకున్న తాళమో, మొదటి ఏడాది పిల్ల ఒక మాట అంటే ఊడి వస్తుంది. లోపల మూడు తలల కుక్క.

ఇక అక్టోబరు 31 రాత్రి సంగతి. హెర్మయనీ అనే పిల్ల తోటివాళ్ళ మాటకి ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాతి క్లాసుకి రాలేదు, మధ్యాహ్నమంతా కనపడలేదు, రాత్రి విందుకీ రాలేదు. ఒక్క టీచరూ “ఏదీ ఆ పిల్ల?” అని అడగలేదు. ఇంతలో క్విరెల్ మాస్టారు పరుగెత్తుకొచ్చి, నేలమాళిగలో పేద్ద ట్రోల్, అంటే ఒక మొద్దు రాక్షసి, ఉందని చెప్పి దబ్బున పడిపోయాడు. హెడ్మాస్టరు ఆర్డరేమిటి? అందరూ ఎవరి డార్మిటరీకి వాళ్ళు వెళ్ళండి! లెక్కపెట్టడం లేదు, పేర్లు పిలవడం లేదు. బడిలోని నాలుగు హౌసుల్లో ఒకటైన స్లిదరిన్ పిల్లల గదులున్నది ఆ నేలమాళిగల్లోనేనని రెండో పుస్తకం చదివితే తెలుస్తుంది. అంటే ఓ పావు బడిని ట్రోల్ దగ్గరికే తోలాడన్నమాట.

పిల్ల బాత్రూములో ఉందని గుర్తొచ్చింది ఇద్దరు మగపిల్లలకి, హ్యారీకీ వాడి స్నేహితుడు రాన్‌కీ. వాళ్ళు వెళ్ళి మొదట ట్రోల్‌ని ఆ బాత్రూములోనే పెట్టి తాళం వేశారు, అది వేరే కథ. చచ్చి బతికిన ఆ పిల్లకి చివరికి ఐదు పాయింట్లు కోత, మగపిల్లలిద్దరికీ చెరో ఐదు బహుమతి. మా దగ్గర ఇలా జరిగితే ఆ రాత్రి డ్యూటీ టీచరుకి మెమో, పొద్దున్నే పై ఆఫీసు నుంచి ఫోను, మధ్యాహ్నానికి తల్లిదండ్రులు గేటు దగ్గర. మేము రాత్రి తొమ్మిదిన్నరకి టార్చిలైటు పట్టుకుని మంచం మంచానికీ వెళ్ళి లెక్కపెట్టేవాళ్ళం. ఒక్క తల తగ్గినా మళ్ళీ మొదట్నుంచీ.

“అమ్మమ్మా, ఇది ఇన్‌స్పెక్షన్ కాదు, కథ” అంది మా పిల్ల. చదవడం ఆపితే అలుగుతుంది కాబట్టి ముందుకెళ్ళాను.

సిబ్బంది గురించి రెండు ముక్కలు. చరిత్ర చెప్పే బిన్స్ మాస్టారు ఒక రాత్రి స్టాఫ్ రూములో చలిమంట ముందు నిద్రపోయి, పొద్దున్నే ఒంటిని కుర్చీలోనే వదిలేసి క్లాసుకి వెళ్ళాడు. అప్పట్నుంచి దయ్యంగానే పాఠం చెబుతున్నాడు. నేను బతికే ఉన్నానని ఏడాదికోసారి వేలిముద్ర వేసి నిరూపించుకుంటే గానీ పెన్షను పడదు. ఈయన చచ్చిపోయి కూడా సర్వీసులో ఉన్నాడు! బడి అడవి కాపలాదారు హాగ్రిడ్ మాటకొస్తే, చెక్క ఇంట్లో డ్రాగన్ గుడ్డు పొదిగించినవాణ్ణి పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. కానీ వాణ్ణి నేనేమీ అనలేను. ఆ బడిలో పిల్లలకి టీ పెట్టిచ్చి కూర్చోబెట్టి మాట్లాడే పెద్దవాడు వాడొక్కడే.

లెక్కల దగ్గరికి వస్తాను, అక్కడ నాకు హక్కుంది. ఆ మంత్రగాళ్ళ డబ్బులో ఒక గాలియన్‌కి 17 సికిళ్ళు, ఒక సికిల్‌కి 29 క్నట్లు. మా నాన్నగారి కాలంలో రూపాయికి 16 అణాలు. సగం చేస్తే అర్ధరూపాయి, ఇంకా సగం చేస్తే పావలా, ఇంకా సగానికి బేడ, ఆపైన అణా. సంతలో చదువురాని ముసలమ్మ కూడా నోటితో తేల్చేది. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలు, ఒకటితో, వాటితోనే తప్ప దేంతోనూ భాగించలేం. గాలియన్‌లో సగం ఇమ్మంటే ఎనిమిదిన్నర సికిళ్ళు. అర సికిల్ అంటే పద్నాలుగున్నర క్నట్లు. అర క్నట్ లేదు. కాబట్టి ఆ దేశంలో ఇద్దరన్నదమ్ములు ఒక గాలియన్ పంచుకోలేరు. ఇంత డబ్బు పెట్టుకుని, మొదటి ఏడాది టైంటేబుల్లో లెక్కల పీరియడ్ లేదు. రైల్లో తినుబండారాల బండామెకి హ్యారీ 11 సికిళ్ళ 7 క్నట్లు లెక్కపెట్టి ఇచ్చాడంటే, అది ఆ పెద్దమ్మ వాళ్ళ ఊరి మామూలు బడి చలవే.

చీపుళ్ళెక్కి గాల్లో ఆడే క్విడిచ్ కూడా అంతే. జట్టుకి ఏడుగురు ఆడతారు. ముగ్గురు చెమటోడ్చి బంతి వేస్తే గోలుకి 10. ఒక్కడు గాల్లో తిరుగుతూ బంగారు స్నిచ్‌ని పట్టుకుంటే 150, పైగా ఆట అక్కడితో సరి. హ్యారీ మొదటి మ్యాచ్ స్కోరు 170–60. స్నిచ్ తీసేసి చూడండి: హ్యారీ వాళ్ళ హౌసు గ్రిఫిండార్ 20, స్లిదరిన్ 60. మూడింతలు బాగా ఆడినవాళ్ళు ఓడిపోయారు. గెలిచినవాడు బంతిని పట్టుకుంది కూడా నోటితో.

అర్ధరాత్రి బయట తిరిగినందుకు మెక్‌గోనగల్ మేడం హ్యారీకి, హెర్మయనీకి, నెవిల్‌కి తలా 50 పాయింట్లు కోసింది. గట్టి మనిషి, నాకు నచ్చింది. దాంతో ఆగితే బాగుండేది. పైన ఇంకో శిక్ష వేశారు: రాత్రి పదకొండింటికి నిషిద్ధ అడవిలోకి వెళ్ళి, ఏదో గాయపరిచిన ఒంటికొమ్ము గుర్రాన్ని వెతకడం. రాత్రిపూట బయట తిరిగిన నేరానికి, రాత్రిపూట ఇంకా దూరం తిరగడం శిక్ష! ఆ ముగ్గురికి స్లిదరిన్ పిల్లాడు మాల్ఫాయ్ తోడు. తీరా అడవిలో వాళ్ళని రెండు జట్లుగా విడదీసి, హ్యారీ, మాల్ఫాయ్‌లకి కాపలాగా ఇచ్చింది ఒక పిరికి కుక్కని.

బడిలో పరుసవేదిని (పుస్తకం పేరులోని ‘ఫిలాసఫర్స్ స్టోన్’ అదే) దాచిన తీరు గురించి ఒక చిన్న పుస్తకమే రాయొచ్చు. ఏడు అడ్డంకులు. కుక్క, చుట్టేసుకునే తీగ, ఎగిరే తాళంచెవులు (పట్టుకోవడానికి పక్కనే చీపుళ్ళు కూడా పెట్టారు, మర్యాదకి), చదరంగం, ఇంకో ట్రోల్, సీసాల పజిలు, ఆఖరున అద్దం. ఆ ట్రోల్‌ని పెట్టింది క్విరెల్. రాయి కాజేయడానికి వచ్చినవాడూ క్విరెల్. దొంగ చేతికే తాళాలిచ్చారు. ఇవన్నీ ముగ్గురు మొదటి ఏడాది పిల్లలు కలిసి ఒక్క రాత్రిలో దాటేశారు.

స్నేప్ మాస్టారి సీసాల దగ్గర మాత్రం నేను పుస్తకం మూసి కాగితం తీశాను. వరసలో ఏడు సీసాలు. మూడింట్లో విషం, రెండింట్లో సారా, ఒకటి తాగితే ముందుకి దారి, ఒకటి తాగితే వెనక్కి. సారాకి ఎడం పక్కన ఎప్పుడూ విషం ఉంటుంది. రెండు చివర్లవీ వేరు వేరు, రెండూ ముందుకి పనికిరావు. అన్నిటికన్నా చిన్నదాంట్లోనూ పెద్దదాంట్లోనూ విషం లేదు. ఎడమ నుంచి రెండోది, కుడి నుంచి రెండోది ఒకటే. హెర్మయనీ తేల్చిందాని ప్రకారం కుడి చివరిది వెనక్కి తీసుకెళ్ళేది. అది పట్టుకుని చేస్తే రెండు, ఆరు సీసాల్లో సారా, ఒకటి, ఐదు సీసాల్లో విషం అని తేలిపోతుంది. మిగిలినవి మూడు, నాలుగు. అందులో ఒకటి విషం, ఒకటి దారి. ఏది ఏదో చెప్పాలంటే చిన్న సీసా ఎక్కడుందో తెలియాలి. అది రచయిత్రి చెప్పలేదు! బొమ్మ వేయకుండా జ్యామితి ప్రశ్న ఇచ్చినట్టుంది. పరీక్ష పేపర్లో ఇలా వస్తే ఆ ప్రశ్నకి అందరికీ మార్కులు కలపాల్సిందే. అయినా ఒప్పుకుంటాను, పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషమైన గంట అదే. మా పిల్ల కూడా పెన్సిలు పట్టుకుంది.

ఇంతకీ ఆఖరి అద్దం ఒక్కటే చాలు. రాయి కావాలి గానీ వాడుకోవాలని లేనివాడికే అది దొరుకుతుంది. క్విరెల్ ఆ అద్దం ముందు నిలబడి తల బాదుకుంటున్నాడు, జన్మలో దొరకదు. అప్పుడు హ్యారీ వెళ్ళాడు, రాయి హ్యారీ జేబులో పడింది. ఆ రాత్రి పిల్లాడు బుద్ధిగా పడుకుని ఉంటే దొంగ అద్దం దగ్గరే ఉండగా హెడ్మాస్టరు వచ్చి పట్టుకునేవాడు. తన సత్తా తేల్చుకోమనే డంబుల్‌డోర్ వదిలేశాడేమో అని ఆసుపత్రి మంచం మీంచి హ్యారీ మురిసిపోతుంటే, హెర్మయనీ ఒక్కతే మండిపడుతుంది: చచ్చిపోయి ఉండేవాడివి కదా అని. ఆ పిల్లకి వార్డెన్ ఉద్యోగం ఇవ్వాలి.

చివరి విందులో పాయింట్ల పంచాయితీ నన్ను నిజంగా బాధపెట్టింది. ఈ హౌసుల పద్ధతి ఇంగ్లండు హాస్టల్ బళ్ళ నుంచి వచ్చిందే. నవోదయల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని ఉంటాయి. మా గురుకులంలోనూ ఉండేవి. తోటపని, శుభ్రత, ఆటలు, చదువు, అన్నిటికీ పాయింట్లు. ఒక్క పాయింటు కోసం పిల్లలు చీకటితో లేచి వరండా కడిగేవాళ్ళు. ఇక్కడ ఏడాది చివర లెక్క చూడండి: స్లిదరిన్ 472, రావెన్‌క్లా 426, హఫుల్‌పఫ్ 352, గ్రిఫిండార్ 312. హాలంతా స్లిదరిన్ ఆకుపచ్చ, వెండి రంగుల్లో కట్టేశారు, ఆ పిల్లలు కేకలు పెడుతున్నారు. అప్పుడు లేచాడు డంబుల్‌డోర్. రాన్‌కి 50, హెర్మయనీకి 50, హ్యారీకి 60. కూడితే 160. సమానం కావడానికి కావలసింది సరిగ్గా 160. పైన నెవిల్‌కి 10, కప్పు గ్రిఫిండార్‌ది. పుస్తకం వెనక జవాబు చూసి, లెక్కని అక్కణ్ణుంచి వెనక్కి చేసుకొచ్చే పిల్లల్ని సర్వీసంతా చూశాను. ఇదీ అదే బాపతు.

ఇంకో సంగతి. ఆ అర్ధరాత్రి 150 పోకుండా ఉన్నా గ్రిఫిండార్‌కి 462 వచ్చేవి, స్లిదరిన్ ఇంకా పది ముందే ఉండేది. నెవిల్‌కయితే కోసింది 50, తిరిగిచ్చింది 10. నలభై బాకీ. హ్యారీ, రాన్, హెర్మయనీలు తప్పు చేస్తున్నప్పుడు ఎదురు నిలబడ్డ ఒకే ఒక్క పిల్లాడు వాడు.

మరి కొనొచ్చా అంటే, కొనండి. తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలుంటే తప్పకుండా. హాగ్రిడ్ మాటలు యాసలో రాశారు, పైకి చదవడం కష్టం. నేను మా పెదనాన్న మాట్లాడినట్టు మార్చి చదివాను, దానికే మా పిల్ల ఎక్కువ నవ్వింది. పన్నెండో అధ్యాయం, అద్దం అధ్యాయం, నెమ్మదిగా చదవండి. క్రిస్మస్ సెలవుల్లో హాస్టల్లో మిగిలిపోయిన పిల్లాడు అద్దంలో ఎన్నడూ చూడని తన వాళ్ళందర్నీ చూస్తాడు. అందులో ఒక ముసలాయన మోకాళ్ళు అచ్చం తన మోకాళ్ళలా ఉంటాయి. మా గురుకులంలో దసరా సెలవుల తర్వాత ఐదో తరగతి పిల్లలు ట్రంకు పెట్టె మూత ఎత్తి, లోపల అంటించుకున్న ఫొటో చూసుకుంటూ అలాగే ఉండిపోయేవాళ్ళు. ఈ మోకాళ్ళ సంగతి రాసిన మనిషికి పిల్లలు తెలుసు. డంబుల్‌డోర్ కూడా అక్కడ కేకలేయకుండా పక్కన కూర్చుని మాట్లాడి, వెళ్ళి పడుకోమంటాడు. వార్డెన్ అనేవాడు చెయ్యాల్సిన పని ఆ ఒక్క రాత్రి చేశాడు. మూడో రాత్రి దాకా ఆగి చేశాడనుకోండి.

బడికి ఐదులో ఒకటి, అదీ విందు భోజనాలకి. పుస్తకానికి నాలుగు. సీసాల బొమ్మ వేసి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

రెండో పుస్తకం మొదలుపెట్టాం. అందులో ఆడపిల్లల బాత్రూముకి ‘పనిచేయదు’ అని బోర్డు తగిలించి ఉంది. ఏడాదంతా అంతేనట, లోపల ఒక దయ్యం ఏడుస్తూ నీళ్ళు పొంగిస్తుందట. మా పిల్ల నా మొహం చూసి, నేను నోరు తెరవకముందే పేజీ తిప్పేసింది.