రెస్టిక్ బ్యాకప్ టూల్: ఫ్రీగానే వస్తుంది, కానీ సగం పని మన మీదే

చిన్న ఆఫీసుకి బ్యాకప్ టూల్ ఏది వాడమంటారు అని ఎవరడిగినా ఈ మధ్య నేను రెస్టిక్ పేరే చెబుతున్నాను. ఆ వెంటనే కొన్ని జాగ్రత్తలూ చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది. అయితే ఇది కమాండ్ లైన్ టూల్. నొక్కడానికి బటన్లుండవు, అంతా టైప్ చేయాల్సిందే.

నాకు బాగా నచ్చింది దీని స్నాప్‌షాట్ల పద్ధతి, అంటే బ్యాకప్ తీసిన ప్రతిసారీ ఫైళ్లు ఆ క్షణానికి ఎలా ఉన్నాయో అలా నమోదవుతాయి. పాత తరహాలో ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్ (ముందటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే) అని పెట్టుకుంటే, గురువారం నాటి డేటా కావాలన్నప్పుడు ఆదివారం నుంచి వరసగా అన్నీ బాగుండాలి, మధ్యలో ఒకటి చెడిందంటే దాని తర్వాతవి నమ్మలేం. రెస్టిక్ ఫైళ్లను సగటున ఒక ఎంబీ ఉండే ముక్కలుగా చేసి, ఇదివరకే దాచిన ముక్క మళ్లీ వస్తే దాన్ని వదిలేస్తుంది. అందుకే మొదటిసారి చాలాసేపు నడుస్తుంది, ఆ తర్వాత మారినంత మేరకే పంపుతుంది. అయినా ఏ రోజు స్నాప్‌షాట్ తీసుకున్నా అది పూర్తి బ్యాకప్‌లాగే రీస్టోర్ అవుతుంది. ఒక్క ఫోల్డరే కావాలంటే అదొక్కటే తెచ్చుకోవచ్చు.

మెలిక కూడా ఇక్కడే ఉంది. ఒకే ముక్కను ఎన్నో స్నాప్‌షాట్లు పంచుకుంటాయి కాబట్టి డిస్క్‌లో ఆ ముక్క పాడైతే దెబ్బ అన్నిటికీ తగులుతుంది. చెక్ కమాండ్ ఉంది కదా అనుకోవద్దు, మామూలుగా నడిపితే అది లోపలి డేటా మొత్తం చదవదు, రీడ్ డేటా ఆప్షన్ ఇస్తేనే ప్రతి ముక్కనూ చదివి చూస్తుంది. నెలకోసారైనా అలా నడపాలి. ఇంకో రెపాజిటరీకి (రెస్టిక్ బ్యాకప్‌లు దాచే చోటుకి) కాపీ చేసే సదుపాయం ఉంది, దాన్ని తప్పకుండా వాడండి, ఆ రెండోది వేరే ఊళ్లో ఉంటే మరీ మంచిది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, సర్వర్లూ బ్యాకప్పులూ అక్కడే ఉంచుకున్న కొందరికి ఏదీ మిగల్లేదు.

ఎన్‌క్రిప్షన్ తప్పనిసరిగా ఉంటుంది, డేటా మన మెషీన్ దాటకముందే తాళం పడిపోతుంది. ఇది మంచిదే, కానీ పాస్‌వర్డ్ పోతే ఇక అంతే, తయారు చేసినవాళ్లు కూడా తెరవలేరు. చాలామంది ఆ పాస్‌వర్డ్‌ని అదే సర్వర్‌లో ఒక ఫైల్లో రాసి ఊరుకుంటారు. సర్వర్ పోయిన రోజున అదీ పోతుందిగా! కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, మోటుగా అనిపించినా అదే నయం.

రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే వైరస్) సంగతికొస్తే, లోపలికి దూరినవాళ్లు బ్యాకప్‌లను కూడా వెతికి చెరిపేస్తారు. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకి జరిగింది దాదాపు అదే: దాడి చేసినవాడు వాళ్ల అమెజాన్ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్లోకి చొరబడి డేటాతో పాటు బ్యాకప్‌లలో చాలావరకూ తుడిచేశాడు, సంస్థ మూతపడింది. రెస్టిక్‌కి తోడుగా విడిగా దొరికే, బ్యాకప్‌లు దాచే రెస్ట్ సర్వర్ ప్రోగ్రామ్‌ని అపెండ్ ఓన్లీ మోడ్‌లో పెడితే, ఆఫీసు మెషీన్ నుంచి కొత్తవి చేర్చడం కుదురుతుంది గానీ పాతవి తీసేయడం కుదరదు. నా లెక్కలో దీన్ని ఎంచుకోవడానికి ఇదొక్కటీ చాలు.

ఇక లేనివి. టైముకి దానంతటదే నడిచే షెడ్యూలర్ లేదు, లినక్స్‌లో క్రాన్‌తోనో విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌తోనో మనమే పెట్టుకోవాలి. ఫెయిలైతే మెయిల్ పంపదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశాక వెతికితే, రోజూ జరుగుతోందనుకున్న డేటాబేస్ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల అసలు జరగడమే లేదని తేలింది, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. వేరే పనికోసం సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. కాబట్టి మెయిల్ రాలేదంటే అంతా బాగుందని కాదు. బ్యాకప్ పూర్తయినప్పుడు మెసేజ్ వచ్చేలా పెట్టుకుని, రాని రోజున టెన్షన్ పడండి.

నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని నేరుగా బ్యాకప్ తీయకండి, ముందు డంప్ (డేటాబేస్‌లోని డేటా అంతా రాసిన ఫైల్) తీసి దాన్ని రెస్టిక్‌కి ఇవ్వండి. మొత్తం కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు లేపే పని కూడా ఇది చేయదు, ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసుకున్నాకే ఫైళ్లు దించుకోవాలి. పైగా క్లౌడ్‌లోంచి 2 టీబీ దించాలంటే 100 ఎంబీపీఎస్ లైన్ మీద లెక్క ప్రకారమే 44 గంటలు పైన పడుతుంది. రెండు రోజులు వ్యాపారం ఆపగలరా అన్నది ముందే తేల్చుకోవాలి, ఆపలేమంటే ఆఫీసులోనే ఒక కాపీ ఉండాల్సిందే.

ఐదుకి నాలుగు ఇస్తాను. స్క్రిప్టు రాయగల మనిషి ఆఫీసులో లేకపోతే మాత్రం దీని జోలికి వెళ్లకండి, డబ్బు తీసుకునే సర్వీసే మేలు. వాళ్లకి డబ్బు కట్టేముందు మీ ఫైళ్లే కొన్ని తిరిగి తెచ్చి చూపించమనండి.