గుట్ట మీద ఇల్లు: పదకొండేళ్ళ అద్దె కాపురం తర్వాత

2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన నెలలోనే, మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి బంజారాహిల్స్‌కి సామాను మార్చాం. క్యాన్సర్ ఆసుపత్రి దాటాక రోడ్ నంబర్ 14 నుంచి కేబీఆర్ పార్కు దిక్కుగా పైకెక్కే ఒక సందు మాది. ట్రాలీ ఆటో రెండో మలుపు దగ్గర ఆయాసపడి ఆగిపోయింది. డ్రైవర్ దిగి వెనక చక్రం కింద ఒక రాయి పెట్టి, "బీరువా, ఫ్రిజ్ దించుండ్రి మేడమ్, లేకుంటే బండి ఎక్కది" అన్నాడు. చివరి యాభై గజాలు మా బీరువా మనుషుల భుజాల మీద వచ్చింది. ఆ రోజు నవ్వుకున్నాం. తర్వాత పదకొండేళ్ళూ ఆ రాయి కథే.

ఇక్కడికి ఎందుకొచ్చామంటే, నా బ్యాంకు సోమాజిగూడలో, మా ఆయన ఆఫీసు హైటెక్ సిటీలో. ఇద్దరికీ సగం దారి. ఆ విషయంలో ఈ ఇంటికి ఫుల్ మార్కులు. 2019లో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది, 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి వచ్చింది, మా ఆయనకి టెన్షన్ చాలా తగ్గింది. సాయంత్రం రోడ్ నంబర్ 12 కూడలిలో ఇరుక్కుంటే మాత్రం ఎన్ని బ్రిడ్జిలున్నా లాభం లేదు. ఇల్లు కనబడుతూనే ఉంటుంది, అరగంటైనా చేరం.

నిశ్శబ్దం నిజమేనా అని చుట్టాలందరూ అడుగుతారు. నిజమే. రాత్రి పది దాటితే మా బాల్కనీలో పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ లెక్కపెట్టొచ్చు. పంజాగుట్ట ఇక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లంటే కొత్తవాళ్ళు నమ్మరు. దీనికంతటికీ కారణం ఆ కేబీఆర్ పార్కే. ఒకప్పుడు నిజాం కుటుంబం చేతుల్లో ఉన్న నేల, లోపల ఏడో నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ ఉంది. 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. దాదాపు 140 హెక్టార్లు, అంటే మూడు వందల యాభై ఎకరాల దాకా, ఊరి నడిబొడ్డున బండలూ ముళ్ళచెట్లూ సీతాఫలం పొదలతో అలాగే మిగిలింది. ఇది కోనసీమలాంటి పచ్చదనం కాదు. ఏప్రిల్‌లో చూస్తే సగం చెట్లు మోడులే. తొలకరి పడ్డ పది రోజులకి అదే చోటని పోల్చుకోలేం.

నిశ్శబ్దం అన్నానా, నెమళ్ళని పక్కన పెట్టి అన్నాను. ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ, వానాకాలం తెల్లవారుజామున నాలుగున్నరకి దాని అరుపు పిల్లిని తొక్కినట్టుంటుంది. మూడేళ్ళ కింద మా ఆయన నల్ల రంగు కారు కొన్నారు. వారం తిరక్కుండానే డ్రైవర్ వైపు తలుపు మీద సన్నటి గీతలు. పిల్లలేమోనని అనుమానపడ్డాం. ఒక ఆదివారం నేను కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుని ఉండగా ఒక మగ నెమలి గోడ దూకి వచ్చింది. కారు తలుపులో తన నీడ చూసింది. మెడ నిక్కించి, రెండడుగులు వెనక్కి వేసి, ఎగిరి కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. మళ్ళీ చూసింది, నీడ ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ తన్నింది. అట్లా ఏడెనిమిది సార్లు. కారుకి గుడ్డ కవరు తప్పనిసరి, ముఖ్యంగా ముదురు రంగు కారైతే. ఏ బ్రోకరూ ఈ మాట చెప్పడు.

పాములు కూడా ఉన్నాయి. పదకొండేళ్ళలో నేను కళ్ళారా చూసినవి నాలుగు. మూడు జెర్రిపోతులు, ఒక్కటి నాగుపాము, అది మా చెప్పుల స్టాండు కింద. జెర్రిపోతుని చూసి నేను కేకలు పెడితే మా వాచ్‌మన్ చీపురు పట్టుకొని తాపీగా వచ్చి, "గదేం జెయ్యదమ్మా, ఎలకల కోసం వచ్చింది" అన్నాడు. పాలమూరు మనిషి, ఆయనకి పాము కొత్త కాదు. నాగుపాము వచ్చినప్పుడు మాత్రం ఆయనా చీపురు కింద పెట్టేశాడు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి ఫోన్ చేశాం, ఒకబ్బాయి బైకు మీద వచ్చి సంచిలోకి ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి చెప్పులు దులపకుండా కాలు పెట్టను.

ఇక నీళ్ళు. గుట్ట మీద ఇల్లు చూసేవాళ్ళు గాలి చూస్తారు, వెలుతురు చూస్తారు, సంపు మూత తెరిచి చూడరు. నేనూ చూడలేదు. హుస్సేన్ సాగర్ నిండు మట్టం సముద్రం కంటే 513 మీటర్ల ఎత్తు. మా గుట్టలు అంతకంటే చాలా పైన. కృష్ణా నీళ్ళు వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో వచ్చి, మా సందు మొదట్లో బాగానే పారి, చివరి ఇంటికి చేరేసరికి నీరసపడతాయి. కింద ఇళ్ళవాళ్ళు మోటారు వేశారంటే మాకు సన్నటి దారమే. బోరు వేద్దామంటే అడుగున అంతా గ్రానైట్ బండ. ఆ బండలో ఎక్కడైనా పగులు దొరికితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. మా ఓనరు రెండు బోర్లు వేయించారు. ఒకటి వట్టిది, రెండోది మార్చి దాకా పోస్తుంది.

మిగతా మూడు నెలలూ ట్యాంకరే. అయిదు వేల లీటర్ల ట్యాంకర్ రివర్స్‌లో మా చడావు, అంటే ఈ ఎత్తు రోడ్డు, ఎక్కడం ఒక తతంగం. క్లీనర్ కుర్రాడు చేతిలో రాయి పట్టుకుని వెనక చక్రం పక్కనే నడుస్తుంటాడు, బండి ఆగిన ప్రతిసారీ టక్కున రాయి పెడతాడు. వాన తడి ఉంటే ఎక్కనంటారు. కింద మలుపు దగ్గరే ఆపి, పైపుకి పైపు కలిపి సంపు దాకా లాగుతారు. ఆ అదనపు పైపుకి అదనపు డబ్బు. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకి నా సలహా ఒక్కటే, మే నెలలో వచ్చి చూడండి. ఆగస్టులో చూస్తే ఎవరికైనా నచ్చుతుంది.

నిశ్శబ్దాన్ని అసలు పాడుచేసేవి వాహనాలు కాదు, బండలు కొట్టడం. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళంటారు. మా ఎదురు ప్లాటులో గది అంత బండ ఒకటి ఉండేది, సాయంత్రాలు మేకలు ఎక్కి కూర్చునేవి. దాని పక్కన ఖాళీ జాగాలో తంగేడు, గునుగు దండిగా పూసేవి. నాలుగేళ్ళ పాటు మా బతుకమ్మ పువ్వంతా అక్కడిదే. 2019లో ఎవరో కొన్నారు. రెండు అంతస్తుల సెల్లార్ కోసం కంప్రెసరూ బ్రేకరూ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆరు నెలలు. మా అల్మరాలో స్టీలు గిన్నెలు వాటంతటవే మోగేవి. బండ పోయింది, తంగేడూ పోయింది. ఇప్పుడు బతుకమ్మకి గుడిమల్కాపూర్ మార్కెట్టే దిక్కు. పార్కులో కావలసినంత తంగేడు ఉంది గానీ అక్కడ కొయ్యకూడదు, కొయ్యనూ కొయ్యను. 2016లో పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొడతారంటే అట్ట పట్టుకొని నిలబడ్డ వాళ్ళలో నేనూ ఉన్నాను. 2020లో పార్కు చుట్టూ రక్షణగా ఉంచే ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పుని కుదించారు, చోటుని బట్టి 3 మీటర్లు మొదలుకొని 29.8 మీటర్ల దాకా. కొన్నిచోట్ల మా హాలంత వెడల్పు కూడా లేదన్నమాట. 2024లో మళ్ళీ అవే కూడళ్ళలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల మాట మొదలైంది.

అడ్రస్ గొడవ ఇంకొకటి. బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ ఉంది. మా మరిది పెళ్ళిచూపులకి బయల్దేరిన వాళ్ళు మొదట జూబ్లీహిల్స్‌లో ఎవరింటి బెల్లో కొట్టి వచ్చారు. సంబంధం కుదిరిందనుకోండి.

బండి లేనివాళ్ళకి ఈ చోటు పనికిరాదు. కొత్తిమీర కట్ట కావాలన్నా నందినగర్ దిగాలి. దిగడం పది నిమిషాలు, కూరగాయల సంచితో ఎక్కడం ఇరవై. ఆటోవాళ్ళు "చడావ్ ఉంది, ఇరవై ఎక్కువియ్యాలె" అంటారు. మొదట్లో వాదించేదాన్ని, ఇప్పుడు నేనే ముందుగా చెప్పేస్తాను. మా పనిమనిషి నందినగర్ నుంచే రోజుకి రెండుసార్లు ఈ చడావు నడిచి ఎక్కేది. మేం వాకింగ్ చేశామని చెప్పుకునే దూరం ఆమెకి డ్యూటీకి రావడమే. రెండో పూట పని మానిపించి, జీతం తగ్గించకుండా ఒకే పూటకి మార్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ బుద్ధి ముందే ఉండాల్సింది.

చల్లదనం సంగతి అడిగితే, సగం నిజం. రాత్రి పదకొండుకి సోమాజిగూడ నుంచి వస్తుంటే పార్కు గోడ పక్కకి రాగానే కారులో చూపించే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పడుతుంది. కానీ మా ఇంటి వెనక గోడ బండకి ఆనించి కట్టింది. మే నెలలో ఆ బండ పగలంతా తాగిన ఎండని రాత్రి తొమ్మిది దాకా పడకగదిలోకి కక్కుతుంది. ఇల్లు చూసేటప్పుడు వెనక గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

2020 అక్టోబర్ వానలకి ఊళ్ళో ఎన్నో కాలనీలు మునిగాయి. మా ఇంట్లోకి చుక్క రాలేదు, మా సందులో పారిన నీళ్ళన్నీ కింద బస్తీలోకే పోయాయి.

మా అత్తయ్యకి ఇప్పుడు డెబ్బై నాలుగు. మోకాళ్ళ నొప్పులు. మేం ఉండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు, గేటు దాటితే చడావు. యూసుఫ్‌గూడలో చదునైన చోట రెండు ఇళ్ళు చూసి వచ్చాం. రెండోదాని బాల్కనీలో ఆమె అయిదు నిమిషాలు నిలబడి, "ఇక్కడ రాత్రి ఏం వినబడుతుందే?" అని అడిగింది. కింద హారన్లు మోగుతూనే ఉన్నాయి. తిరిగొచ్చాక ఓనరుతో మాట్లాడి, మళ్ళీ పదకొండు నెలల అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాం. గ్రౌండ్ ఫ్లోర్ ఖాళీ అయితే ముందు మాకే ఇవ్వాలని ఈసారి ఒక లైను రాయించాను.