ఫోన్‌లో తెలుగు రాయడానికి ఏది మేలు: టెర్మక్స్‌లో విమ్మా, మార్కరా?

ఫోన్‌కు చిన్న బ్లూటూత్ కీబోర్డ్ కలిపి, నోటిఫికేషన్ల గోల లేకుండా రాసుకోవాలి. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికితే మెజెస్టిక్ వచ్చేలోపు ఒక పేజీ తేలిపోవాలి. బెంగళూరులో పగలంతా కోడ్ రాసే తెలుగువాళ్లు పదేపదే అడిగేది ఇదే: టెర్మక్స్ (ఫోన్‌లో లినక్స్ ఆదేశాలు నడిపే టెర్మినల్ ఆప్) వేసుకుని విమ్ అనే కీబోర్డ్ ఎడిటర్‌లో రాయాలా, లేక మార్కర్ లాంటి మామూలు నోట్స్ ఆప్ చాలా?

రాసేది ఇంగ్లీషైతే విమ్. చేతులు కీబోర్డ్ వదలవు, తెర మీద మీ వాక్యం తప్ప ఏమీ ఉండదు. 200 అక్షరాలు కొట్టినా, 4 సెకన్లు ఆగినా అప్పటిదాకా రాసింది స్వాప్ ఫైలు అనే తాత్కాలిక ఫైలులోకి చేరుతుంది కాబట్టి, ఆండ్రాయిడ్ మధ్యలో టెర్మక్స్‌ను మూసేసినా దాదాపు అంతా తిరిగి తెచ్చుకోవచ్చు. ప్లే స్టోర్‌లో కాకుండా ఎఫ్‌-డ్రాయిడ్ అనే ఓపెన్‌సోర్స్ ఆప్‌ల స్టోర్ నుంచి టెర్మక్స్ వేసుకోండి.

రాసేది తెలుగైతే లెక్క మారిపోతుంది. ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. మన కంటికి అది ఒక్క అక్షరం. ఫైలులో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: 6 కోడ్‌లు, యూటీఎఫ్‌-8 అనే నిల్వ పద్ధతిలో 18 బైట్లు. టెర్మినల్ తెర సమానమైన గడులుగా కోసిన కాగితం లాంటిది. ఒక్కో కోడ్‌కు ఎన్ని గడులో ముందే లెక్కగట్టి అందులో ఇరికిస్తుంది. దాంతో ఒత్తులు విడిపోతాయి, లేదా పక్క అక్షరం మీదికి ఎక్కుతాయి. కర్సర్ ఒకచోట కనిపిస్తుంది, దిద్దుబాటు ఇంకోచోట పడుతుంది. ఫాంట్ మార్చినా ఇది పోదు, ఎందుకంటే లోపం ఫాంట్‌ది కాదు, గడులది. రాసిన వాక్యం కళ్ల ముందు సరిగ్గా కనబడకపోతే ఏకాగ్రత ఎక్కడిది? నా దృష్టిలో తేల్చేది ఇదొక్కటే.

దానికి తోడు మోడ్‌ల బెడద. విమ్‌లో రాయడానికి ఒక మోడ్, ఆదేశాలివ్వడానికి నార్మల్ మోడ్. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రభుత్వం ఖరారు చేసిన కీబోర్డ్ అమరిక) తెలుగు లేఅవుట్ మీద ఉండగా నార్మల్ మోడ్‌లోకి వెళ్లి జె నొక్కితే కింది లైనుకు దిగదు, విమ్‌కు ‘ర’ అందుతుంది. లాంగ్‌మ్యాప్ అనే విమ్ సెట్టింగ్‌లో ఒక్కో అక్షరానికీ జత రాసుకుంటే సర్దుకోవచ్చు గానీ, లేకుంటే ప్రతిసారీ భాష మార్చుకోవాలి. టెర్మక్స్ అడుగున ఉండే అదనపు మీటల వరసను ఎడమకు జరిపితే మామూలు టైపింగ్ పెట్టె వస్తుంది. అందులో తెలుగు చక్కగా పడుతుంది, కానీ ఒక్కో లైను కొట్టి పంపడం రాత అనిపించుకోదు.

మార్కర్ అక్షరాలు గీసే పనిని ఆండ్రాయిడ్‌కే వదిలేస్తుంది, అందుకే ఒత్తులన్నీ కుదురుగా కూర్చుంటాయి. కీబోర్డ్ పని కూడా అనుకున్నంత తక్కువేం కాదు. కంట్రోల్‌తో బాణం మీట నొక్కితే మాట దాటుతుంది, కంట్రోల్‌తో బ్యాక్‌స్పేస్ మాటను, ఆల్ట్‌తో బ్యాక్‌స్పేస్ లైనును చెరిపేస్తాయి. ఉత్త బ్యాక్‌స్పేస్ ‘స్త్రీ’లో ముందు గుడిదీర్ఘాన్ని మాత్రమే తీస్తుంది. గుణింతం తప్పు పడితే అక్షరమంతా మళ్లీ కొట్టక్కర్లేదు, తెలుగుకు ఇది పెద్ద వరం. విమ్‌లో ఉండే మాక్రోలు (ఒకసారి నొక్కిన మీటల వరసను మళ్లీ నడిపించేవి) ఇక్కడ లేవు. ఫైలు పెద్దదైతే నెమ్మదిస్తుంది. అప్పుడు ఫైలు మెనూలో రంగుల హైలైటింగ్ ఆపేయండి, అధ్యాయానికో ఫైలు పెట్టుకోండి.

ఏది ఎంచుకున్నా ముందు లేఅవుట్ చూసుకోవాలి. తెర మీద తెలుగు ఇచ్చే ఆప్‌లు కొన్ని బయటి కీబోర్డ్‌ను పట్టించుకోవు. ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ వరసగా నొక్కండి. ‘స్త్రీ’ వస్తే దారి సరైనదే. ఇన్‌స్క్రిప్ట్‌లో కన్నడ అక్షరాల చోట్లు కూడా ఇవే కాబట్టి, బెంగళూరులో ఉండేవాళ్లకు ఒకటి నేర్చుకుంటే రెండూ వచ్చేస్తాయి.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌లో కీబోర్డ్ కొనేటప్పుడు ఎడమ పైమూల చూడండి. ట్యాబ్లెట్ల కోసం చేసిన చిన్న కీబోర్డ్‌లు చాలావాటిలో ఎస్కేప్ ఉండాల్సిన చోట హోమ్ మీట ఉంటుంది. విమ్‌లో మోడ్ మారుద్దామని నొక్కితే ఆప్ బయటికి వచ్చి పడతారు. అప్పటికే కొనేసి ఉంటే కంట్రోల్‌తో ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కండి, అదే ఎస్కేప్‌గా పనిచేస్తుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసుకుంటే నోటిఫికేషన్ల గోల చాలావరకు తగ్గుతుంది.

మిగతావి క్లుప్తంగా. అబ్సిడియన్ అనే నోట్స్ ఆప్‌లో తెలుగు బాగానే కనిపిస్తుంది, కానీ ప్లగిన్లు సర్దుకోవడమే ఒక పని అయిపోతుంది. ఐఏ రైటర్ అనే రాత ఆప్ ఐఫోన్ వాళ్లకు మంచిదే, ఆండ్రాయిడ్ వెర్షన్ అమ్మకం 2024లో ఆపేశారు. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ముందే ఉంటుంది, అయినా టెర్మక్స్‌లో నడిపితే మళ్లీ అవే గడులు.

విమ్ వదల్లేని వాళ్లు రెండూ కలిపి వాడుకోవచ్చు. రాత మార్కర్‌లో, ఒకేసారి వంద చోట్ల మాట మార్చాల్సిన పని విమ్‌లో. టెర్మక్స్-సెటప్-స్టోరేజ్ ఆదేశం ఒకసారి ఇచ్చి అనుమతి ఇస్తే ఫోన్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్ టెర్మక్స్‌కు అందుతుంది. ఫైళ్లు అక్కడే ఉంచండి, టెర్మక్స్ సొంత ఫోల్డర్‌లో పెడితే ఆ ఆప్ తీసేసిన రోజు అవీ పోతాయి. విమ్‌లో తెరిచేముందు మార్కర్‌లో ఆ ఫైలు మూసేయండి, రెండుచోట్లా తెరిచి ఉంటే చివర సేవ్ అయినది రెండోదాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది. వెతికేటప్పుడు ఇంకొకటి: ‘బ్యాక్‌స్పేస్’ లాంటి మాటల మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది, అది లేకుండా వెతికితే విమ్‌కు ఆ మాట దొరకదు.