మోకాళ్లు మొరాయించే వయసులో బాతుల వేట: మిసిసిపి డెల్టాలో ఒక గైడు సేవపై సమీక్ష

మిసిసిపి నది సముద్రంలో కలిసే చోట, లూసియానా చిత్తడిలో బాతుల వేటకు తీసుకెళ్లే ఒక చిన్న సేవ గురించి ఇది. పడవలు రెండే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు, ఏటా అదే వారానికి బుక్ చేసుకునే పాత ఖాతాదారులు. బాతులు ఎన్ని పడతాయన్నది గాలి, చలి చేతిలో ఉంటుంది. గైడు పనితనం మాత్రం పెద్దవాళ్లను పడవలోంచి మాటులోకి, అంటే వేటగాళ్లు దాక్కుని కూర్చునే గదిలోకి, ఎలా దించుతాడన్న దగ్గరే తేలిపోతుంది. అందులో ఈ గైడుకు వంక పెట్టలేం.

ఇక్కడి నేల మన కొల్లేటి ఊబిలాంటిదే. కిక్కిస దుబ్బుల వేళ్ల మీద అడుగు వేస్తే నిలుస్తుంది, పక్కనున్న నున్నటి బురదలో వేస్తే తొడ దాకా దిగిపోతుంది. దిగిన కాలును నిటారుగా లాగితే బూటు లోపలే ఉండిపోతుంది, మోకాలు మెలిపడుతుంది. ముందు మడమ కదిపి, పాదాన్ని అటూ ఇటూ తిప్పి, సందులోకి గాలి చొరబడ్డాక లాగాలి. ఈ గైడు అంత అవసరమే రానివ్వడు. పడవను మాటు వెనక తలుపుకు ఆనించి, ముందూ వెనకా గడకర్రలు దిగ్గొట్టి కట్టేస్తాడు. పడవ అంచుకూ మాటు నేలకూ మధ్య జానెడు తేడా కూడా ఉండదు. పట్టుకోవడానికి ఇనప పైపు ఉంది. చెక్క మెట్టు మీద కోళ్ల జాలీ కొట్టారు కాబట్టి నాచు పట్టినా కాలు జారదు. బెంచీ కుర్చీ అంత ఎత్తుంది, లేవడానికి ఎవరి చెయ్యీ అందుకోనక్కర్లేదు. మూలన తెర కట్టి, మూత్రానికి మూతున్న బకెట్ పెట్టారు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

తుపాకులన్నీ ఖాళీగా, సంచుల్లోనే వస్తాయి. అందరూ కూర్చున్నాక గైడు ఒక్కొక్కటే అందిస్తాడు. ఎవరి ముందున్న ఆకాశం వాళ్లదే, పక్కవాడి మీదుగా గొట్టం తిప్పకూడదు. నీటిపక్షుల వేటలో సీసం గుళ్లు 1991 నుంచి అమెరికా అంతటా నిషిద్ధం. గట్టి స్టీలు గుళ్లు పాతకాలపు గొట్టాలను పాడుచేస్తాయి. తండ్రి తుపాకీతోనే వేటాడాలనుకునేవాళ్లు ఖరీదెక్కువైనా బిస్మత్ అనే మెత్తటి లోహపు గుళ్లున్న తూటాలు కొనుక్కోవాలి. భుజం నొప్పి ఉంటే గ్యాస్‌తో పనిచేసే 20 గేజ్ (సన్న గొట్టం) సెమీ ఆటోమేటిక్ మేలు, భుజాన్ని వెనక్కి తన్నడం తక్కువ. కాకపోతే 30 గజాల లోపలే పేల్చాలి. అందుకే గైడు, బాతులను రప్పించే బొమ్మ బాతులను గాలి వీపున తగిలేలా పెట్టి, మధ్యలో ఖాళీ 20 గజాల దూరంలో వదులుతాడు. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కదా, సరిగ్గా ఆ ఖాళీలోకే వస్తాయి.

లోపాలు రెండు. చలిగాలులు వచ్చిన మర్నాడు ఉత్తరపు గాలి చిత్తడిలోని నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. పెద్ద పడవకున్నది మామూలు ఔట్‌బోర్డు మోటారు, నీళ్లు తగ్గితే బురదలో కూరుకుపోతుంది. అలాంటి రోజున గంట ముందే బయల్దేరాలి. వీళ్లు ఏ రోజైనా ఒకే వేళకు కదులుతారు. ఇక రెండోది, పడిన బాతులన్నీ ఒకే కుప్పగా వేస్తున్నారు. రోజుకు మనిషికి 6 బాతులు హద్దు, ఎవరివి వారివి విడిగా ఉండాలి. కుప్ప చేస్తే తనిఖీలో జరిమానా పడేది ఖాతాదారుకే. నలుగురికి నాలుగు తాళ్లు ఇస్తే సరిపోయే పని. శుభ్రం చేసేటప్పుడు ఈకలతో ఉన్న ఒక రెక్కనైనా, తలనైనా ఉంచమని కూడా మీరే చెప్పండి. ఇల్లు చేరేదాకా అది ఉండాలి.

అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లే మనవాళ్లకు ఒక మాట. 16 ఏళ్లు నిండి బాతులను వేటాడేవారికి లైసెన్సుతో పాటు 25 డాలర్ల డక్ స్టాంపు (నీటిపక్షుల వేటకు కేంద్ర ప్రభుత్వ అనుమతి) తప్పనిసరి. 1969 సెప్టెంబరు 1కి ముందు పుట్టినవాళ్లను లూసియానాలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట శిక్షణ పొందినట్టు రుజువు) అడగరు. కానీ హెచ్1బీ మీదో, విజిటర్ వీసా మీదో ఉన్నవారు వేట లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ నేరం. ఫొటో కోసమని కూడా నాన్న చేతికివ్వకండి. ఆయన బెంచీ మీద కూర్చుని, లాబ్రడార్ కుక్క నీళ్లలోకి దూకి బాతును మెత్తగా నోట కరుచుకు రావడం చూస్తే చాలు.

బుక్ చేసేటప్పుడు చిన్న పడవే కావాలని అడగండి. బురదలోనూ నడిచే మడ్ మోటారు, వీపు ఆనే సీట్లు దానికే ఉన్నాయి.