ఒకే దుకాణమా, అన్ని దుకాణాలా? తోడేలు ప్రేమకథకు ఏది మేలు?

రాత్రి పదకొండు దాటాక నాకో పాడు అలవాటు. రాయాల్సిన అధ్యాయం తెర మీద సగంలో ఆగి ఉంటుంది. నాయకుడు తోడేలుగా మారబోతూ, గోళ్లు సగం పొడుచుకొచ్చి, వెన్ను వంచి అలాగే నిలబడి ఉంటాడు. నేను మాత్రం పక్కన ఇంకో కిటికీ తెరిచి ఈ రోజు నా పుస్తకాల్లో పాఠకులు ఎన్ని పేజీలు చదివారో చూస్తుంటాను. అమ్ముడైన ప్రతుల అంకె అక్కడే ఉన్నా కన్ను ముందు పేజీల గీత మీదికే పోతుంది. అది నిన్నటికంటే ఎత్తుగా ఉంటే అధ్యాయం ముందుకు నడుస్తుంది. లేకపోతే ఆ రాత్రికి పాపం అతను అలా వంగి ఉండాల్సిందే.

ప్రచురణకర్త అండ లేకుండా పారానార్మల్ రొమాన్స్, అంటే తోడేలు మనుషులు, శాపాల లాంటి అతీత శక్తులున్న ప్రేమకథలు, రాసుకునే ఎవరికైనా పుస్తకం పూర్తయిన మర్నాడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈబుక్‌ను అమెజాన్ ఒక్కదానికే కట్టబెట్టి దాని చందా పథకంలో పెట్టాలా? లేక అమెజాన్‌తో పాటు కోబో, యాపిల్ బుక్స్, గూగుల్ ప్లే, బార్న్స్ అండ్ నోబుల్ అన్నింటిలోనూ అమ్మాలా? మొదటిదాని పేరు కేడీపీ సెలెక్ట్ (కేడీపీ అంటే రచయితలు సొంతంగా పుస్తకాలు పెట్టుకునే అమెజాన్ వేదిక). రెండోదాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లం ‘వైడ్’ అనేస్తాం. నా మొదటి సిరీస్ అయిదు పుస్తకాలూ సెలెక్ట్‌లో నడిచాయి. రెండో సిరీస్ అన్ని దుకాణాల్లో ఉంది. మూడోది ఇప్పుడు చేతిలో ఉంది కాబట్టి ఈ తూకం నాకూ అవసరమే.

ముందు సెలెక్ట్ షరతులు చూద్దాం. ఇది 2011 డిసెంబరులో మొదలైంది. ఒక్కో విడత 90 రోజులు. ఆ 90 రోజులూ ఆ ఈబుక్ అమ్మకం అమెజాన్ ఒక్కదానికే. వేరే దుకాణంలో అమ్మకూడదు సరే, మన సొంత సైటులో ఉచితంగా పెట్టినా తప్పే. పది శాతం వరకు నమూనాగా చూపించుకోవచ్చు. అచ్చు పుస్తకానికీ ఆడియోకూ ఈ కట్టుబాటు లేదు. ఇది తెలియక అచ్చుప్రతిని కూడా మిగతా చోట్ల అమ్మకుండా కూర్చున్న కొత్తవాళ్లను చూశాను. బదులుగా మన పుస్తకం కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చేరుతుంది. 2014 జులైలో వచ్చిన ఈ పథకంలో నెలనెలా చందా కట్టినవాళ్లు ఒక్కో పుస్తకానికి విడిగా డబ్బు ఇవ్వకుండా చదువుకుంటారు. 2015 జులై నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కన చెల్లిస్తున్నారు. పేజీ అంటే వాళ్లు పెట్టుకున్న కొలత. పాఠకులు అక్షరాలు పెద్దవి చేసుకున్నంత మాత్రాన పేజీలు పెరగవు. ఒకరు మొదటిసారి చదివినప్పుడే లెక్క. రెండోసారి చదివితే మనకు దక్కేది అభిమానం మాత్రమే.

ఇక డబ్బు సంగతి. పేజీ ధర నెలనెలా మారుతుంది. అమెజాన్ ఆ నెలకు ఒక నిధి ప్రకటించి, అందరి పుస్తకాల పేజీల మీదా దాన్ని పంచుతుంది. చాలాకాలంగా అది అర సెంటుకు కాస్త తక్కువగా తిరుగుతోంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 0.0045 డాలరు అనుకుందాం. నా నవల ఒక్కోటి వాళ్ల కొలతలో ఇంచుమించు 400 పేజీలు. చివరిదాకా చదివితే 1.80 డాలర్లు వస్తాయి. అదే పుస్తకం 3.99 డాలర్లకు అమ్ముడైతే 70 శాతం రాయల్టీలో పాఠకులకు ఫైలు పంపినందుకు అమెజాన్ కోసుకునే ఖర్చు పోను 2.70 వరకు మిగులుతుంది. ఇంతవరకు చూస్తే అమ్మకమే మేలు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ పేరు తెలియని రచయిత సిరీస్‌లో మొదటి పుస్తకాన్ని 3.99 పెట్టి ఎవరు కొంటారు? దాన్ని 99 సెంట్లకు పెట్టాలి. అమెజాన్‌లో 70 శాతం రాయల్టీ 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరలకే వర్తిస్తుంది. ఆ హద్దులు దాటితే, కిందికైనా పైకైనా, 35 శాతమే. అంటే 99 సెంట్ల అమ్మకానికి చేతికొచ్చేది 35 సెంట్లు. అదే మొదటి పుస్తకాన్ని చందాదారు తీసుకుని పూర్తిగా చదివితే 1.80. అయిదు రెట్లు! ఈ గుణకారం నాకు తట్టడానికి ఏడాది పట్టింది. అయితే ఇందులో ఒక ముల్లుంది. నలభై పేజీల దగ్గర విసుగొచ్చి వదిలేస్తే 18 సెంట్లే. కొన్న మనిషి చదివినా చదవకపోయినా డబ్బు మనదే. చందా మనిషి చదివితేనే మనది.

పారానార్మల్ రొమాన్స్ పాఠకుల తీరు కూడా సెలెక్ట్ వైపే మొగ్గుతుంది. వీళ్లు ఒక పుస్తకంతో ఆగే రకం కాదు. తోడేళ్ల గుంపులో పెద్దన్న కథ నచ్చితే తమ్ముడి కథ, ఆ తర్వాత పక్క గుంపు నాయకురాలి కథ, అన్నీ వరసగా చదివేస్తారు. అంత ఆకలి ఉన్నవాళ్లు ప్రతి పుస్తకం విడిగా కొనడం కంటే చందా కట్టడమే సహజం. కొత్త పేరును ప్రయత్నించడానికి వాళ్లకు నష్టం ఏమీ లేదు. పుస్తకం తీసుకున్న క్షణమే అమ్మకాల ర్యాంకు కూడా కదులుతుంది. చదవడం తర్వాత ఎప్పుడో జరగొచ్చు.

ఈ పేజీల లెక్క రాతను ఏం చేస్తుందో మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. నాలుగో పుస్తకంలో నాయిక, నాయకుడు శాపం విరుగుడు వెతుక్కుంటూ అడవిలోకి వెళతారు. ముప్పై పేజీల ప్రయాణం. వాన, గుహ, ఒకే దుప్పటి. రాస్తున్నప్పుడు చాలా బాగుందనుకున్నాను. అచ్చుకు ముందు చదివిపెట్టే స్నేహితురాలు ఆ అధ్యాయం పక్కన ఒకే వాక్యం రాసింది: ‘ఈ అడవి దేనికి?’ నా దగ్గర జవాబు లేదు. నిజాయతీగా ఆలోచిస్తే ఆ అడవి ఒక్కో పాఠకురాలికి పదమూడున్నర సెంట్లు. శాపం విరుగుడు వాళ్ల ఇంటి అటక మీదే దొరికేలా మార్చాను, ముప్పై పేజీలు రెండయ్యాయి. దుప్పటిని మాత్రం వదల్లేకపోయాను. అయితే పేజీల లెక్క ఒక మేలు కూడా చేసింది. అధ్యాయాన్ని నిద్ర పట్టనివ్వని చోట ఆపడం నేర్పింది. ఎవరు ఏ పేజీలో వదిలేశారో ఆ పట్టిక చెప్పదు, పుస్తకానికి రోజుకు ఇన్ని పేజీలని మాత్రమే చెబుతుంది. కాబట్టి మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా ప్రతిచోటా జాగ్రత్త పడటమే దారి.

సెలెక్ట్‌లో అసలు భయం వేరే. సంపాదనంతా ఒకే సంతకం మీద నిలబడి ఉంటుంది. నిధి తగ్గినా, నియమం మారినా, ఏదో పొరపాటున ఖాతా ఆగినా మన వైపు రెండో కాలు లేదు. పైగా విడత ముగిశాక అది తనంతట తానే మరో 90 రోజులకు పొడిగించుకుంటుంది, ముందే ఆ గడిలో టిక్కు తీసేస్తే తప్ప. రెండో పుస్తకం విషయంలో నేను మరిచిపోయాను. మిగతా నాలుగూ బయటికి వచ్చేశాయి, అదొక్కటి మూడు నెలలు లోపలే ఉండిపోయింది. వేరే దుకాణంలో ఒకటి, మూడు, నాలుగు, అయిదు. మధ్యలో గుంత. తప్పు పూర్తిగా నాదే. అయినా ‘రెండో పుస్తకం ఎక్కడ?’ అని వచ్చిన ఉత్తరాలకు జవాబు రాస్తుంటే సిగ్గేసింది.

వైడ్ సంగతికి వస్తే, దీనికి కావాల్సింది ఓపిక. సెలెక్ట్‌లో కొత్త పుస్తకం మొదటి వారంలోనే కదలిక తెస్తుంది. ఇక్కడ అలా ఉండదు. మొదటి ఆరు నెలలు నేను పట్టిక చూడటమే మానేశాను. (ఆ ఆరు నెలలూ తోడేళ్లు వేళకు మారాయన్నది వేరే విషయం.) ఒక్కో దుకాణంలో విడిగా ఖాతా తెరిచి పెట్టుకోవచ్చు, లేదా డ్రాఫ్ట్‌టుడిజిటల్ లాంటి మధ్యవర్తి ద్వారా ఒకేసారి అన్ని చోట్లకూ పంపొచ్చు. పుస్తకం ధరలో దాదాపు పది శాతం వాళ్లు తీసుకుంటారు. గ్రంథాలయాలకు చేరే దారి కూడా అక్కడే ఉంది. 

పని ఎంత పెరుగుతుందో చెప్పాలంటే పుస్తకం చివరి పేజీ చాలు. కథ అయిపోగానే ‘తర్వాతి పుస్తకం ఇక్కడ’ అని లంకె పెడతాం. సిరీస్ రాసేవాళ్లకు అంతకు మించిన ప్రకటన లేదు. వైడ్‌లో ఆ లంకె ఒక్కో దుకాణానికి ఒక్కోలా ఉండాలి. పోటీ దుకాణం లంకె ఉన్న ఫైలును ఒక దుకాణం నాకు తిప్పి పంపింది. వాళ్ల తప్పేమీ లేదు, తన అంగట్లో నిలబడి పక్క అంగడి పేరు అరిస్తే ఎవరు ఊరుకుంటారు? నాలుగు పుస్తకాలు, అయిదు దుకాణాలు, ఇరవై ఫైళ్లు. ఒక అక్షరదోషం దిద్దాలంటే ఇరవై సార్లు దిద్దాలి.

మరి ఎందుకు ఈ శ్రమ? రెండు కారణాలు. ఒకటి, మొదటి పుస్తకాన్ని శాశ్వతంగా ఉచితం చేయొచ్చు. అమెజాన్‌లో మనంతట మనం సున్నా ధర పెట్టలేం, 99 సెంట్లే కనీస ధర. సెలెక్ట్‌లో ఉంటే 90 రోజుల్లో అయిదు రోజులు ఉచితంగా ఇవ్వొచ్చు, అంతే. వైడ్‌లో కోబోలో, యాపిల్‌లో ఉచితంగా పెడితే అమెజాన్ కూడా చాలాసార్లు ఆ ధరకు దిగుతుంది. దిగి తీరాలన్న హామీ మాత్రం లేదు.

రెండోది సంపుటాలు. నాలుగు నవలలు కలిపి 14.99 డాలర్లకు పెట్టాను. అమెజాన్‌లో ఆ ధర 9.99 దాటింది కాబట్టి 35 శాతం, అంటే 5.25 డాలర్లు. కోబోలో 2.99 పైన ఎంత పెట్టినా 70 శాతమే, 10.49 చేతికొస్తుంది. యాపిల్‌లోనూ అంతే. అదే సంపుటం సెలెక్ట్‌లో ఉండి ఎవరైనా 1600 పేజీలూ చదివితే పై లెక్క ప్రకారం 7.20. ఇంకా లావు సంపుటాలు కడదామనుకుంటే ఒక పాఠకుడికి ఒక పుస్తకంలో 3000 పేజీల దగ్గర లెక్క ఆగిపోతుంది. కాబట్టి నాలుగైదు పుస్తకాలు పూర్తయిన సిరీస్‌కు బయటి దుకాణాలే లాభం. కోబోకు కోబో ప్లస్ అనే సొంత చందా పథకం కూడా ఉంది, దానికి అక్కడ మాత్రమే అమ్మాలన్న షరతు లేదు.

వైడ్ అంటే భద్రత అని మాత్రం నేను అనను. 2016 డిసెంబరు చివర్లో ప్రేమకథలకే పేరుపడిన ఒక ఈబుక్ దుకాణం కొద్ది రోజుల ముందు చెప్పి మూతపడింది. రావాల్సిన బకాయిలకు రచయితలకు డాలరుకు పది సెంట్ల చొప్పున ఇస్తామన్నారు. ఆదాయంలో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చేవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. అయిదు దుకాణాల్లో పుస్తకం ఉన్నా డబ్బంతా ఒక్కదాని నుంచే వస్తుంటే అది పేరుకే వైడ్.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అమాండా హాకింగ్ పేరు తెస్తారు. 2010లో తన పారానార్మల్ రొమాన్స్ నవలలను సొంతంగా కిండిల్‌లో పెట్టి పది లక్షలకు పైగా ప్రతులు అమ్మి, 2011లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్‌తో రెండు మిలియన్ డాలర్ల స్థాయి ఒప్పందం చేసుకున్న రచయిత్రి. సెలెక్ట్ గొప్పతనానికి ఆమెను రుజువుగా చూపిస్తారు. కానీ ఆ ఒప్పందం జరిగేనాటికి సెలెక్ట్ పుట్టనేలేదు. పేజీల లెక్క రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఆమె అమ్మింది తక్కువ ధరకు పుస్తకాలు, అదీ పోటీ పలచగా ఉన్న రోజుల్లో.

సొంత సైటులో నేరుగా అమ్మడం మూడో దారి. కొన్న మనిషి ఈమెయిలు మన చేతికి వస్తుంది, ఏ పెద్ద దుకాణమూ అది ఇవ్వదు. కానీ నలుగురైదుగురు కూడా పేరుపెట్టి అడగని దశలో సైటు తెరిస్తే ఊడ్చుకోవడానికి తప్ప పనికిరాదు. వార్తాలేఖకు చేరినవాళ్లు గట్టిగా ఉన్నాక ఆలోచించాలి.

నా తీర్పు ఇది. ఈ నిర్ణయం పుస్తకానికి ఒకటి చొప్పున తీసుకోకూడదు, సిరీస్‌కు ఒకటి చొప్పున తీసుకోవాలి. కొత్త పేరు, చేతిలో ఒకటి రెండు పుస్తకాలు, వెనక పాఠకులు లేరు అనుకుంటే సెలెక్ట్. ఇందులో నాకు సందేహం లేదు. ఒక్క పుస్తకంతో వైడ్‌కు వెళ్లడం అంటే అయిదు ఖాళీ గదులకు తాళాలు కొనడం. సిరీస్ ముగిసి, చివరి పుస్తకం వచ్చి ఏడాదై, పేజీల గీత నేలకు ఆనుతుంటే అప్పుడు మొత్తం సిరీస్‌ను ఒకేసారి బయటికి తేవాలి. తెచ్చాక మళ్లీ లోపలికి పోకూడదు. కోబోలో రెండు పుస్తకాలు కొన్న మనిషికి మూడోది మాయమైతే ఆమె మళ్లీ మన వైపు చూడదు. డబ్బు అవసరం వచ్చినప్పుడల్లా లోపలికీ బయటికీ తిరిగినవాళ్లు రెండు వైపులా పోగొట్టుకోవడమే చూశాను.

అందుకే మొదటి సిరీస్ ఇక బయటే ఉంటుంది. రెండోది ఎటూ అక్కడే ఉంది. మూడోది, ఈ వంగి నిలబడ్డ తోడేలు ఉన్నది, సిరీస్ ముగిసేదాకా సెలెక్ట్‌లో పెడుతున్నాను. పుస్తకం ఎక్కించిన రోజే పొడిగింపు గడిలో టిక్కు తీసేసి, 90వ రోజు తేదీని క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకుంటాను. ఈసారి రెండో పుస్తకానికి రెండుసార్లు.