మంచు దెబ్బ తిన్న అంజూర మొక్క: వెంటనే కత్తిరించడం మేలా, ఆగి చూడటం మేలా?

చలికాలమంతా ఆరుబయట గడిపిన చిన్న అంజూర మొక్క వసంతం వచ్చేసరికి ఎండుపుల్లలా నిలబడి ఉంటుంది. చుట్టూ చెట్లన్నీ చిగుర్లు తొడుగుతున్నా దీనిలో ఉలుకూ పలుకూ ఉండదు. అప్పుడు మనకు చేతులు ఊరుకోవు. ఎండిన కొమ్మల్ని వెంటనే తీసేయాలా, చిగురు కోసం ఆగాలా, మొదలంటా కోసేసి కొత్త పిలకల్ని రానివ్వాలా? మూడూ చేసి చూసినవాడిగా నా మొగ్గు ఆగడానికే. కాకపోతే దానికో షరతుంది.

ముదురు అంజూర చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు సుమారు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ చలిని కూడా ఓర్చుకోగలదు. ఒకటి రెండేళ్ల మొక్కకు అంత చేవ ఎక్కడిది? ముదరని లేత కొమ్మలు అంతకన్నా చాలా తక్కువ చలికే నల్లబడతాయి. చావు మామూలుగా కొసల నుంచి కిందికి దిగుతుంది. వేర్లకు మట్టి దుప్పటి ఉంటుంది కాబట్టి పైభాగమంతా పోయినా మొదట్లోంచి పిలకలు లేవడం అంజూరలో తరచూ చూసేదే.

వెంటనే కత్తిరిస్తే కలిగే లాభం ఒక్కటే, చూడటానికి శుభ్రంగా ఉండటం. నష్టమే ఎక్కువ. బతికిన కొమ్మ ఎక్కడ ఆగిందో, చచ్చినది ఎక్కడ మొదలైందో చలి తగ్గిన మొదటి వారాల్లో స్పష్టంగా తెలియదు. గోటితో బెరడు గీకి చూడటం అందరికీ తెలిసిన పరీక్షే: లోపల తడిగా, పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయినట్టు. అయితే చలి దెబ్బ తిన్న పొర రంగు మారడానికి కొన్నాళ్లు పడుతుంది. ఈ రోజు పచ్చగా కనిపించిన చోటు నెల తిరక్కుండానే నల్లబడవచ్చు. ఒక ఏడాది తొందరపడి పచ్చ కనిపించినంత వరకూ కోశాను. ఆ తరువాత అక్కడి నుంచి ఇంకో జానెడు ఎండింది, మళ్లీ కోయాల్సి వచ్చింది. చిన్న మొక్కకు రెండేసి గాయాలు ఎందుకు?

ఆగడం అలా కాదు, మొక్క తానే గీత గీసి చూపిస్తుంది. అంజూర ఆలస్యంగా లేచే చెట్టు. దెబ్బ తిన్నదైతే వేసవి తొలిరోజుల దాకా కూడా నిద్ర వదలకపోవచ్చు. మొగ్గలు ఉబ్బి ఆకులు విచ్చుకున్నాక, అన్నిటికన్నా పైనున్న బలమైన చిగురుకు కాస్త ఎగువన ఏటవాలుగా కోస్తే చాలు. కోసేటప్పుడు కారే తెల్లపాలు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి, కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. బూజు పట్టి మెత్తబడిన కొమ్మలను మాత్రం చిగురు కోసం చూడకుండా తీసేయండి.

ఇక షరతు నీళ్ల గురించి. ఆకు లేని మొక్క నీళ్లు పెద్దగా తాగదు. జాలిపడి రోజూ పోస్తే, చలిని తప్పించుకున్న వేర్లు బురదలో కుళ్లుతాయి. నా అంచనాలో చలికి చచ్చినవాటికన్నా ఇలా ప్రేమకు చచ్చే మొక్కలే ఎక్కువ. పై మట్టి ఆరాకే తడపాలి. ఎరువు విషయంలోనూ అంతే, ఆకులు విచ్చుకున్నాక పలుచగా కంపోస్టు చాలు. నత్రజని దండిగా వేస్తే, అందులోనూ వేసవి చివర్లో వేస్తే, వచ్చే లేత కొమ్మలు ముదరకుండానే మరుసటి చలికి దొరికిపోతాయి.

మొదలంటా కోయడం ఎప్పుడు మేలు? కాండం చుట్టూ బెరడు చీలి, పైన వచ్చిన చిగుర్లు నీరసంగా వాడిపోతూ, కింద నుంచి పిలకలు బలంగా లేస్తున్నప్పుడు. వేర్ల శక్తి అంతా వాటికే అందుతుంది కాబట్టి చూస్తుండగానే ఏపుగా ఎదుగుతాయి. అన్నిటినీ ఉంచుకోకుండా మూడు నాలుగు గట్టివాటిని ఎంచుకోండి. ఒకే కాండం అందంగా ఉంటుంది, నిజమే. కానీ చలి ప్రదేశాల్లో పలు కాండాల పొదే మేలు, ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. దీనికి చెల్లించే మూల్యం తొలి కాపు: అది పాత కొమ్మల మీద వస్తుంది కనుక ఆ ఏడు దక్కదు. ప్రధాన కాపు కొత్త కొమ్మల మీదే వచ్చినా వేసవి కురచగా ఉంటే పండకపోవచ్చు. ఇంకో మెలిక, మీది అంటు మొక్క అయితే అంటుకు కింద నుంచి వచ్చే పిలకలు మీరు కోరిన రకం కావు. కొమ్మ నాటి పెంచినదైతే ఆ బెంగ లేదు.

కుండీ మొక్కల లెక్క వేరు. నేలలో ఉన్నంత రక్షణ కుండీలోని వేర్లకు ఉండదు, చలి నాలుగు పక్కలనుంచీ తగులుతుంది. అక్కడ ఇంత వాదన అక్కర్లేదు. మట్టిగడ్డతో సహా నెమ్మదిగా బయటికి తీసి వేర్లు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తిరిగి కుండీలో పెట్టి, మంచు తగలని చోట ఉంచి ఆగవచ్చు. పట్టుకుంటే తొక్క జారిపోయేంత మెత్తగా అన్నీ కుళ్లి ఉంటే ఆ కుండీని ఇంకో మొక్కకు ఇవ్వడం మంచిది.