కర్నెల్‌లో స్ట్రింగ్ వేగం, ఎమ్‌టీఈ తనిఖీ: నాలుగు దారుల్లో ఏది మేలు?

‘జనగామ’ అని యూటీఎఫ్-8లో రాస్తే ఐదు గుర్తులు (‘గా’లోని దీర్ఘం విడిగా ఒక గుర్తు). ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మొత్తం 15, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటుతో కలిపి 16. ఆర్మ్ ప్రాసెసర్లలోని మెమరీ ట్యాగింగ్, అంటే ఎమ్‌టీఈ, మెమరీని చూసేది కూడా 16 బైట్ల ముక్కలుగానే. ఈ పేరుకు సరిగ్గా 16 బైట్లు కేటాయిస్తే ఒక ముక్క అంచుల దాకా నిండిపోతుంది. ఇప్పుడు మొదటి అక్షరం వదిలేసి ‘నగామ’ నుంచి కాపీ చేయమని లినక్స్ కర్నెల్‌లో స్ట్రింగ్‌లను కాపీ చేసే ఫంక్షన్ స్ట్ర్‌స్‌కాపీని అడగండి. సున్నా నుంచి లెక్కిస్తే మొదలు 3వ బైటు దగ్గర. గమ్యం బఫర్‌లో చోటుంటే ఈ ఫంక్షన్ 8 బైట్లు ఒక్కసారే తీస్తుంది: ముందు 3 నుంచి 10 దాకా, తర్వాత 11 నుంచి 18 దాకా. సున్నా బైటు 15 దగ్గరే ఉంది. కానీ 16, 17, 18 బైట్లు పక్క ముక్కవి, అక్కడి ట్యాగ్ వేరు. కోడ్‌లో నిజమైన తప్పు లేకపోయినా హార్డ్‌వేర్ ఫాల్ట్ ఇస్తుంది, అంటే తప్పు జరిగిందని కర్నెల్‌కు చెబుతుంది.

ఎనుమాముల యార్డులో ఒక రైతు మిర్చి లాట్ పక్కనే ఇంకో రైతు లాట్ ఉంటుంది. రెండు చేతులా బస్తాలు లాగేవాడు చివరికి వచ్చేసరికి పక్క లాట్ మీద కూడా చెయ్యి వేస్తాడు. అది తీసుకుపోడు, కానీ చీటీ చూసేవాడికి ఆ సంగతి తెలియదు. ఎమ్‌టీఈ పని అచ్చంగా ఇదే. 16 బైట్లకు 4 బిట్ల ట్యాగ్ మెమరీ వైపు ఉంటుంది. పాయింటర్ పై బైటులో, 56 నుంచి 59 వరకున్న బిట్లలో, ఇంకో ట్యాగ్ ఉంటుంది. రెండూ కలవకపోతే తప్పే. చదివిన బైట్లను తర్వాత వాడతామా, పారేస్తామా అన్నది దానికి అక్కర్లేదు.

కర్నెల్‌లో మెమరీ తప్పుల్ని పట్టే సాధనం కాసాన్. పాత సాఫ్ట్‌వేర్ కాసాన్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ తనిఖీ కోడ్‌ను కంపైలరే చొప్పిస్తుంది కాబట్టి, ఫలానా ఫంక్షన్‌లో చొప్పించవద్దని ఒక గుర్తు పెడితే చాలు. 8 బైట్లు తీసే చిన్న ఫంక్షన్ అక్కడ మొదటి బైటును మాత్రమే తనిఖీకి చూపించి మిగతాది నేరుగా చదివేస్తుంది. లినక్స్ 5.11తో, 2021లో, కర్నెల్ హీప్‌కు (అడిగినప్పుడల్లా కేటాయించే మెమరీకి) ఎమ్‌టీఈని వాడే హార్డ్‌వేర్ ట్యాగ్ కాసాన్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ప్రతి లోడ్‌నూ, అంటే మెమరీ నుంచి చదివే ప్రతి ఆదేశాన్నీ, ప్రాసెసర్ స్వయంగా చూస్తుంది.

ఈ తప్పుడు ఫాల్ట్‌ను తప్పించడానికి నాలుగు దారులున్నాయి. మొదటి దారి బైటు వెంట బైటు చదవడం. తప్పు పోయే చోటే లేదు. 2021లో స్ట్రింగ్‌లను పోల్చే ఆర్మ్ వారి వేగవంతమైన స్ట్ర్‌కంప్, స్ట్రన్‌కంప్ కర్నెల్‌లోకి వచ్చాక అవి ఎమ్‌టీఈకి సరిపడవని తేలింది. అప్పుడు హార్డ్‌వేర్ ట్యాగ్ బిల్డ్‌లో ఆ రెంటికీ తాత్కాలికంగా మామూలు సీ లూప్‌నే పెట్టారు. తొందరలో సగం సరైన వేగం కన్నా పూర్తిగా సరైన నిదానం నయం. పది పన్నెండు బైట్ల పేర్ల దగ్గర తేడా పెద్దగా కనబడదు కూడా. ఫైల్ పాత్‌లు వెతికే దారిలో మాత్రం ఇది కుదరదు. అక్కడ ఫైల్ తెరిచే ప్రతి ఓపెన్‌కూ, దాని వివరాలు అడిగే ప్రతి స్టాట్‌కూ పేరులోని ప్రతి భాగాన్నీ హ్యాష్ చేయాలి (ఒక సంఖ్యగా మార్చాలి), పోల్చాలి.

రెండో దారి, నా లెక్కలో అన్నింటికన్నా మేలైనది: చదవడం ఎప్పుడూ 16కు అలైన్ అయిన, అంటే 16తో నిశ్శేషంగా భాగించబడే, చోటి నుంచే. స్ట్రింగ్ 3వ బైటు దగ్గర మొదలైతే వెనక్కి జరిగి 0 నుంచి 15 దాకా తెచ్చి, ముందున్న మూడు బైట్లను మాస్క్‌తో పక్కన పెడతాం. ఆ మూడూ అదే ముక్కలోవి, ట్యాగ్ ఒకటే, కాబట్టి ఫాల్ట్ ఉండదు. ముక్కలో సున్నా కనబడితే తర్వాతి ముక్కను ముట్టనే ముట్టం. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, ఆ మాస్క్‌ను మరిచిపోవడం. స్ట్రింగ్‌కు ముందు ఎక్కడో పాత సున్నా బైటు మిగిలి ఉంటే అదే ముగింపు అనుకుని పొడవు తప్పు చెబుతుంది. టెస్టులో బఫర్ ముందు భాగాన్ని కావాలనే సున్నాలతో నింపితే ఇది వెంటనే బయటపడుతుంది.

స్ట్రింగ్ పొడవు కొలిచే కర్నెల్ స్ట్ర్‌లెన్ సవరణ చూడండి, అందులో అందం ఉంది. ఆ కోడ్ అప్పటికే 4096 బైట్ల పేజీ అంచు దాటకుండా జాగ్రత్త పడుతోంది, దాటేలా ఉంటే అలైన్ చేసి చదివే దారి పట్టేది. హార్డ్‌వేర్ ట్యాగ్‌లతో బిల్డ్ చేసినప్పుడు ఆ 4096 స్థానంలో 16 అని పెట్టారు. ఒక్క సంఖ్య మార్పుతో పేజీ అంచు కోసం రాసిన జాగ్రత్తే ముక్క అంచుకూ పనికొచ్చింది.

ఈ దారిలో తప్పుల్ని పట్టే శక్తి ఏమీ తగ్గదు. ఎమ్‌టీఈకి ఎలాగూ 16 బైట్ల కన్నా చిన్న చూపు లేదు. ‘వరంగల్’కు 18 బైట్లు, సున్నాతో 19. అంతే కేటాయించినా రెండు ముక్కలకు ట్యాగ్ పడుతుంది, చివరి 13 బైట్లలోకి ఎవరు పోయినా బైటు లూప్ కూడా పట్టలేదు. అలైన్ చేసిన 16 బైట్ల లోడ్ ఏ ముక్కనైనా ముట్టిందంటే, బైటు లూప్ కూడా ఆ ముక్కలో కనీసం ఒక బైటును ముట్టేదే. (బైటు కొలతలో హద్దులు చూసే చెరి తరహా హార్డ్‌వేర్ దగ్గర ఈ వాదన చెల్లదు.) సాఫ్ట్‌వేర్ కాసాన్ బిల్డ్‌లో మాత్రం ఇలాంటి ఫంక్షన్‌కు తనిఖీ వద్దన్న గుర్తు ఉండాల్సిందే.

చిక్కు రెండు స్ట్రింగ్‌ల పోలిక దగ్గర. ఒకటి 3 దగ్గర, ఇంకోటి 6 దగ్గర మొదలైతే రెండింటినీ ఒకేసారి అలైన్ చేయలేం. ఒకదాన్ని అలైన్ చేసి, రెండోదాని ముక్కల్ని జరిపి అతికించాలి. తర్వాతి ముక్క తెచ్చే ముందు ఈ ముక్కలో సున్నా ఉందేమో చూసుకోవాలి. ఎమ్‌టీఈకి సరిపడే స్ట్ర్‌కంప్ కర్నెల్‌లోకి 2022లో గాని రాలేదు.

మూడో దారి లోడ్ అన్‌అలైన్డ్ జీరోప్యాడ్ అనే కర్నెల్ ఫంక్షన్. అలైన్‌మెంట్ చూడకుండా 8 బైట్లు చదివేస్తుంది. ఫాల్ట్ వస్తే ఎక్సెప్షన్ టేబుల్ (ఏ ఆదేశం దగ్గర ఫాల్ట్ వస్తే ఎటు పోవాలో చెప్పే పట్టిక) ద్వారా సవరణ కోడ్‌కు పోతుంది. అది చిరునామాను కింది 8కి దించి, అక్కడ చదివి, జరిపి, లోటును సున్నాలతో నింపుతుంది. మన ఉదాహరణలో 8 నుంచి 15 దాకా చదివి 3 బైట్లు జరుపుతుంది, 11 నుంచి 15 దాకా అసలు బైట్లు, ఆపైన మూడు సున్నాలు. పాత్ వెతుకులాటకు ఇది చక్కగా అతుకుతుంది. స్లాష్ తర్వాత వచ్చే పేరు ఏ చోటైనా మొదలుకావచ్చు, బఫర్ పెద్దది, అంచు తగిలేది అరుదు.

ఆ ‘అరుదు’ అన్న మాటే ఇక్కడ కీలకం. 8 బైట్ల లోడ్ 4096 బైట్ల పేజీ అంచును దాటే మొదలు స్థానాలు 4096లో 7. అదే 16 బైట్ల ముక్క అంచుకు 16లో 7. దాటిన ప్రతిసారీ ఫాల్ట్ రాదు, ఆబ్జెక్ట్ చివరి ముక్క దగ్గరే వస్తుంది. అయినా చిన్న హీప్ స్ట్రింగ్‌లను అలైన్ కాని చోటి నుంచి కాపీ చేసే కోడ్ పదే పదే ఎక్సెప్షన్‌లోకి పడుతుంది. ఒక ఎక్సెప్షన్ ఖర్చుకు బైటు లూపే ఎన్నోసార్లు తిరిగి వస్తుంది.

అంతకన్నా నాకు బాధ కలిగించేది వేరే ఉంది. 16 బైట్లూ అక్షరాలతో నిండి, సున్నా లేని బఫర్ అనుకోండి. అది నిజమైన తప్పు, పట్టుబడాల్సిందే. 3 నుంచి మొదలుపెడితే సవరణ కోడ్ పెట్టిన మూడు సున్నాలు ముగింపులా కనబడి, స్ట్ర్‌స్‌కాపీ హాయిగా ఆగిపోతుంది. రిపోర్ట్ లేదు. 0 నుంచి మొదలుపెడితే మూడో లోడ్ 16 దగ్గర పడుతుంది. సవరణ కోడ్ చదివేదీ అదే 16 దగ్గర కాబట్టి అక్కడ మళ్లీ ఫాల్ట్ వచ్చి రిపోర్ట్ అవుతుంది. అంటే 8 మొదలు స్థానాల్లో 7 చోట్ల తప్పు దాగిపోతుంది. 2025లో స్ట్ర్‌స్‌కాపీకి ఈ దారినే ఇచ్చారు. తప్పుడు ఫాల్ట్‌లు ఆపడానికి అది సరైన పనే, కానీ ముగింపు లేని స్ట్రింగ్‌లను స్ట్ర్‌స్‌కాపీ పట్టిస్తుందని నమ్ముకోవద్దు.

నాలుగోది ప్రాసెసర్‌లోని టీసీఓ బిట్. అది పెట్టి ఉన్నంతసేపు ఆ సీపీయూ ట్యాగ్‌లు చూడదు. ఫాల్ట్ అప్పటికప్పుడే వచ్చే సింక్ మోడ్‌లో దీన్ని స్ట్రింగ్ ఫంక్షన్ చుట్టూ చుట్టడం తనిఖీని తీసేయడమే, నేను ఒప్పుకోను. అసింక్ మోడ్‌లో మాత్రం వేరే గతి లేదు. అక్కడ ఫాల్ట్ అప్పటికప్పుడు రాదు, ఒక రిజిస్టర్‌లో గుర్తు పడి కర్నెల్ తర్వాత చూసుకుంటుంది. ఏ ఆదేశం దగ్గర జరిగిందో తెలియనప్పుడు ఎక్సెప్షన్ టేబుల్ దేన్ని సవరిస్తుంది? అందుకే జీరోప్యాడ్ ఫంక్షన్ అసింక్‌లో ఒక్క లోడ్ కోసం టీసీఓ పెట్టి వెంటనే తీస్తుంది. వాడాల్సి వస్తే అంత ఇరుకుగానే వాడాలి.

తప్పుడు ఫాల్ట్‌ను ‘ఒక హెచ్చరికే కదా’ అని వదిలేయకూడదు. ఒక రిపోర్ట్ ఇచ్చాక లినక్స్ ఆ సీపీయూ మీద కర్నెల్ ట్యాగ్ తనిఖీని ఆపేస్తుంది. బూట్ అయిన మొదటి నిమిషంలో స్ట్రింగ్ ఫంక్షన్ అనవసరంగా అరిస్తే, తర్వాత వచ్చే అసలు తప్పును చూసేవాళ్లు ఉండరు.

పరీక్షించడానికి ఎమ్‌టీఈ ఉన్న బోర్డు అక్కర్లేదు. హనుమకొండలో హాస్టల్ గదిలోని మామూలు లాప్‌టాప్ మీద, వేరే మెషీన్‌ను అనుకరించే క్యూఈఎమ్‌యూ చాలు: వర్ట్ మెషీన్‌కు ఎమ్‌టీఈ ఆన్, సీపీయూ మ్యాక్స్. కర్నెల్‌లో హార్డ్‌వేర్ ట్యాగ్ కాసాన్, కేయూనిట్ టెస్టులు (కర్నెల్ లోపలే నడిచే పరీక్షలు) పెట్టి, బూట్ లైన్‌లో మోడ్ సింక్ అని ఇవ్వండి. స్ట్రింగ్‌ను ముక్క చివరికి ఆనించి, 16 మొదలు స్థానాలూ వరుసగా నడపండి. పక్క ఆబ్జెక్ట్ ట్యాగ్‌ను యాదృచ్ఛికానికి వదలొద్దు. కర్నెల్ పంచే ట్యాగ్‌లు 14 మాత్రమే, కాబట్టి 14లో ఒకసారి రెండూ కలిసిపోయి తప్పున్న కోడ్ కూడా పాస్ అవుతుంది. పక్క ముక్కను విడుదల చేసిన మెమరీగా ఉంచితే దాని ట్యాగ్ వాడుకలోని పాయింటర్ ట్యాగ్‌తో ఎప్పుడూ కలవదు, ఫలితం ప్రతిసారీ ఒకేలా వస్తుంది.